బానెట్ కింద మెత్త

1. సోమవారం

బండికి చెయ్యి పెట్టిన ప్రతిసారీ ఏం చేశామో రాసిపెట్టాలన్నది మా షెడ్డు రూలు. రాశాను. "ఆరో నంబరు నీళ్ల బండి. ఫ్యూజు మార్చడమైనది. మెత్త తట్టడమైనది. బానెట్ మూయడమైనది." చదివి వినిపిస్తే పెద్దమేస్త్రి ఓదెలు మామ తల ఊపాడు. ఆయన తల ఊపితే చాలు, ఇంకెవరూ అడగరు.

అసలు సంగతి ఇక్కడ రాసుకుంటున్నాను. ఆ ఒక్క ఫ్యూజు మార్చడానికి నాకు షిఫ్టులో సగం పట్టింది. కళ్లు మూసుకుని, తల వంచి, రెండు చేతులూ బానెట్ కిందికి పోనిచ్చి వెతికాను. వేళ్లకు ఏదీ తెలియలేదు. వైరు ఏదో పైపు ఏదో తెలియలేదు. పళ్లతో పీకడం ఒక్కటే తక్కువ, ఎలాగో ఊడబెరికాను. నా అదృష్టం బాగుండి పక్కన ఎవరూ లేరు.

మా బాయిలో మేస్త్రీలు చూసి పని చెయ్యరు, తడిమి చేస్తారు. పైన ఎండ మనిషిని బతకనివ్వని కాలం వచ్చినప్పుడు మా ముత్తాతలు కార్లతో సహా ఈ బొగ్గు బాయిలోకి దిగారు. బొగ్గున్న చోట గ్యాసుంటుంది, గ్యాసున్న చోట దీపం వద్దన్నారు. ఆ భయమే ఇప్పుడు మాకు గొప్పతనమై కూర్చుంది. బానెట్ లేచిందంటే చుట్టూ ఉన్నవాళ్లంతా కళ్లు మూసుకుంటారు. కళ్లు తెరిచి పని చేసేవాడు మేస్త్రీ కాదు, కూలీ అని ఎగతాళి చేస్తారు. ఇళ్లల్లో వంటకు, తిండికి ఎల్ఈడీ బుడ్లు పెట్టుకుంటాం గానీ షెడ్డులోకి మిణుగురంత దీపం కూడా రానివ్వరు. బయటి నుంచి పడే మసకలో మనిషి ఆకారం తెలిస్తే అదే గొప్ప.

నా వేళ్లు మొద్దుబారి రెండేళ్లు దాటింది. "చెయ్యి చచ్చింది" అంటారు షెడ్డులో. ముసలి మేస్త్రీలందరికీ వస్తుంది. మా అమ్మకూ వచ్చింది. బ్యాటరీలో ఆమ్లం వల్ల అని కొందరు, ఇనుము చలి వల్ల అని కొందరు. నాకు మరీ తొందరగా వచ్చింది, అంతే తేడా.

చచ్చిన చెయ్యి అని తేలితే ఆ రోజే బండి తీసేసుకుంటారు. నా మటుకు నాకు ఫరవాలేదు, బొగ్గు ఏరుకునైనా బతుకుతాను. కానీ వచ్చే ఆదివారం నా కూతురు శ్రావణికి చెయ్యిపెట్టుడు. తల్లి బండిలోనే బిడ్డ మొదటిసారి చెయ్యి పెట్టాలి. తల్లికి బండి లేకపోతే బిడ్డకు షెడ్డు లేదు. ఈ బాయిలో షెడ్డు లేనివాళ్ల బతుకు ఎలా ఉంటుందో రోజూ చూస్తూనే ఉన్నాను. పైగా శ్రావణి వేళ్లు మామూలు వేళ్లు కావు. దారం ముడిని తడిమి లోపల ఎన్ని పోగులున్నాయో చెబుతుంది. అలాంటి చేతులు నా వల్ల బొగ్గు తట్ట మొయ్యడమా? నేను బతికుండగా జరగదు.

ఆదివారం దాకా నెట్టుకురావాలి. వేళ్లకు చేతకాని పని కళ్లతో చేయించుకుంటాను. బానెట్ కింద దీపం పెట్టుకుంటాను. తెలిస్తే తిడతారు, తిట్టుకోనీ.

2. మంగళవారం

సామాను దొరికింది. దొంగతనం చెయ్యలేదు, అబద్ధాలు మాత్రం బాగానే ఆడాను.

ఎల్ఈడీ పట్టీ పెళ్లి మంటపం వాళ్ల దగ్గర అడిగాను. రిబ్బను లాంటి పట్టీ, వెనక జిగురు, వరసగా చిన్న చిన్న బుడ్లు. సగం చుట్ట వెలగడం మానేసిందని మూలన పడేశారు. వెలిగే సగం నాకు చాలు. శ్రావణి చెయ్యిపెట్టుడుకు ఇంటి గుమ్మానికి కట్టుకుంటానంటే ఊరికే ఇచ్చారు. ఇచ్చి దీవించారు కూడా.

మీట దగ్గర ఆలోచన పడింది. బానెట్ లేపిన ప్రతిసారీ మీట వెతుక్కునే వేళ్లే నాకుంటే ఈ దీపమెందుకు? దానంతట అదే వెలగాలి, దానంతట అదే ఆరాలి. పక్కింటి భారతక్క ఇంట్లో ముత్తాతల నాటి ఫ్రిజ్ ఉంది. అందులో చీరలు మడిచి పెట్టుకుంటుంది. ఆ ఫ్రిజ్ తలుపు అంచున ఒక నొక్కుడు మీట ఉంటుంది. తలుపు మూస్తే అది నొక్కుకుని దీపం ఆరుతుంది, తెరిస్తే పైకి లేచి దీపం వెలుగుతుంది. నాకు కావలసింది సరిగ్గా అదే.

"చీరల కాడ లైటెందుకక్కా, మీట పీకిస్తా, తలుపు మంచిగ పడ్తది" అన్నాను.

"పీక్కపో. నీకేం పనికొస్తదో గని, మీ షెడ్డోళ్లకు ఇనుపముక్క కనవడితె నిద్రవట్టది" అంది భారతక్క.

ఇంట్లో కూర్చుని వైర్లు అతికించాను. వేడి పుల్లతో సీసం కరిగించి అతికే పని ఒకప్పుడు నిద్రలో కూడా చేసేదాన్ని. ఇవాళ ఏదో కమురు వాసన వచ్చింది. వైరు తొడుగు కాలుతోందనుకుని ఊదాను. కాలుతున్నది నా బొటనవేలు.

శ్రావణి పరిగెత్తుకొచ్చి నా చెయ్యి నీళ్లలో ముంచింది.

"నొస్తలేదా అమ్మా?"

"కొంచెం నొస్తుంది."

"అబద్ధమాడకు" అంది. గుడ్డ చుట్టింది. తర్వాత తల ఎత్తకుండానే అంది. "నువ్వు నా తల దువ్వక ఎన్ని దినాలైతుందో ఎరుకేనా?"

ఎరుకే. జుట్టు పట్టు తెలియక లాగేస్తున్నానని, అది ఏడుపు దాచుకుంటోందని ఒక రోజు చూశాను. ఆ రోజు నుంచి దువ్వడం మానేశాను. దాని ముఖం మీద చెయ్యి వేసినా అక్కడ ముఖముందని కళ్లు చెప్పాలి. నా చేతికి అది కూతురో కుండో తెలియదు. ఈ మాట దానితో అనలేదు. పెద్దపనిలా గుడ్డ ముడి బిగించుకున్నాను.

3. బుధవారం

భోజనాల వేళ షెడ్డు ఖాళీగా ఉంటుంది. ఆ సమయంలోనే దీపం బిగించాను.

జేబులో దాచి తెచ్చిన చిన్న ఎల్ఈడీ బుడ్డికి కొంగు అడ్డం పెట్టి, దాని వెలుగులో పని చేశాను. బానెట్ లోపలి అంచును గుడ్డతో తుడిచి, పట్టీని అంచు వెంబడి అతికించాను. జిగురును నమ్మకుండా అక్కడక్కడా తీగతో కట్టాను. ఫ్యాను వైపు పోకుండా, వేడి తగలకుండా వైరును పక్క నుంచి లాగాను. బానెట్ లేచినప్పుడు తెగకుండా మడత దగ్గర కాస్త వదులు ఉంచాను. ఒక వైరు బ్యాటరీ ప్లస్సుకు, మధ్యలో చిన్న ఫ్యూజు. ఇంకో వైరు రంగు గీకిన బోల్టు కింద. ఫ్రిజ్ మీట బానెట్ ఆనే చోట. మంట లేదు, నిప్పురవ్వ లేదు. మా వాళ్లు ముద్దుచేసి పెంచుకున్న భయం సంగతి ఎలా ఉన్నా, ఈ దీపంతో గ్యాసు అంటుకునే మాట కల్ల.

బానెట్ మూశాను. మళ్లీ లేపాను.

అలవాటుగా కళ్లు మూసుకున్నాను. రెప్పల మీద వెలుగు పడింది. నన్ను నేను తిట్టుకుని కళ్లు తెరిచాను.

ఎంత బాగుందో! ఇరవై ఏళ్లుగా తడిమిన బండి, ఒక్కసారీ చూడలేదు. వైర్లకు రంగులున్నాయని తెలియదు నాకు. లావు వైరు, సన్న వైరు, గరుకు వైరు అనుకునేదాన్ని. ఎర్రది, పసుప్పచ్చది, ఆకుపచ్చది. ఫ్యూజుల డబ్బా మూత మీద ఎవరో చిన్న అక్షరాలు కూడా అచ్చేశారు. నవ్వొచ్చింది. గొళ్లెం అనుకుని నేను ఇన్నాళ్లూ తిప్పుతూ వచ్చింది, చూస్తే పైపు పట్టీ.

తర్వాత బ్యాటరీ వెనక చూశాను. అక్కడ మెత్త ఉంటుంది.

మెత్త ప్రతి బండిలోనూ ఉంటుంది. అరచేతి మందాన, దిండులా మెత్తగా, బండి నడవకపోయినా గోరువెచ్చగా ఉంటుంది. అదేం పని చేస్తుందో ఎవరూ చెప్పలేరు. విప్పకూడదు, కదపకూడదు, బానెట్ మూసే ముందు అరచేత్తో ఒకసారి తట్టాలి. మా అమ్మ నాకు నేర్పిన మొదటి పాఠం అదే. రబ్బరు ముక్కో, లోపల దూది కుక్కిన తోలు సంచో అనుకునేదాన్ని.

తోలే. కాకపోతే కుట్లు లేవు. మేకులు లేవు. బండికి దాన్ని బిగించినట్టు ఎక్కడా లేదు. ఇనుము మీద పాకి కూర్చున్నట్టుంది. రంగు మా ఒంటి రంగే. వెలుగు పడగానే అది కొంచెం ముడుచుకుంది.

చలికో, గాలికో అనుకుని బానెట్ మూసి వచ్చేశాను. తట్టకుండా వచ్చేశాను. ఇంటికి వచ్చాక కూడా ఆ తట్టకపోవడమే గుర్తొస్తోంది.

4. గురువారం

ఇవాళ నీళ్ల పైపు బిగించాల్సి వచ్చింది. కళ్లు తెరుచుకుని, దర్జాగా, చిటికెలో బిగించాను. ఓదెలు మామ పక్కనుంచి పోతూ "చెయ్యి తిరుగుతుందే స్వరూపా" అన్నాడు. బానెట్ లేచి ఉంది కాబట్టి ఆయన కళ్లు మూసుకునే ఉన్నాడు. దీపం ఆయన ముఖం మీద పడుతోంది, ఆయనకు తెలియదు. మనసులో నవ్వుకున్నాను.

ఆయన వెళ్లాక మెత్త వైపు చూడకుండా చెయ్యి చాచి తట్టాను. చెయ్యి వెనక్కి తీసుకోబోతే రాలేదు. ఏ తీగకో చిక్కుకుందనుకుని చూశాను.

మెత్త నా చేతిని పట్టుకుని ఉంది.

నాలుగు వేళ్లు, ఒక బొటనవేలు. నా వేళ్ల సందుల్లో దాని వేళ్లు. గట్టిగా పట్టుకుందో మెల్లగా పట్టుకుందో నాకు తెలియదు. చూడకపోతే పట్టుకుందన్న సంగతే తెలియదు. నేను చూస్తుండగానే వేళ్లు ఒక్కొక్కటీ విప్పి లోపలికి ముడుచుకుని, మళ్లీ దిండులా సర్దుకుంది. పట్టుకుని, వదిలేసింది. అలవాటైన పనిలా వదిలేసింది.

నా కుడి చూపుడువేలి మీద కొక్కెంలా వంకర మచ్చ ఉంది. చిన్నప్పుడు రేకు డబ్బా కోసింది. ముడుచుకుంటున్న ఆ వేలి మీదా అదే మచ్చ చూశాను.

పరిగెత్తలేదు. నా వేళ్లలోంచి పోయిన స్పర్శ ఎక్కడికి పోయిందో ఇప్పుడు తెలిసింది. ఆమ్లమూ కాదు, ఇనుము చలీ కాదు. ఇరవై ఏళ్లుగా రోజూ తట్టాను. రోజూ కొంచెం ఇచ్చాను.

ఈ ఆదివారం నా బిడ్డ చెయ్యి అక్కడ పెట్టాలి.

5. శుక్రవారం

ఓదెలు మామ ఇంటికి వెళ్లాను. ఆయన చేతులు ఎప్పుడో చచ్చాయి. బువ్వ కూడా కోడలే కలిపి పెడుతుంది. బండ్ల మోత విని జబ్బు చెబుతాడు గనక ఆయన పెద్దరికం ఆయనకు మిగిలింది.

"మామా, మెత్తను బండిల ఎవలు పెట్టిన్రు?"

"ఎవలు పెడ్తరు బిడ్డా. మా తాత దిగిననాడు బండ్లల్ల లేదంట. బాయిల కొన్నేండ్లున్నంక చేతికి తలిగిందంట. బండి బాగమే అనుకున్నరు."

"బండి బాగం కాదు మామా అది."

ఆయన ముఖం పక్కకు తిప్పుకున్నాడు.

"కాదని నీకెరుకేనా?"

"చేతులున్నన్ని దినాలు నాకు ఎరుకనే" అన్నాడు మెల్లగా. "తట్టినప్పుడు అది పట్టుకునేది. ఎవలకు జెప్పాలె? అందరికి పట్టుకుంటది, ఎవలు జెప్పుకోరు. మంచిగనే పట్టుకుంటది బిడ్డా, దుఃఖమున్నోన్ని పట్టుకున్నట్టు. మా ఆడిది సచ్చిపోయిననాడు గంటసేపు బానెట్ కింద చెయ్యి వెట్టి నిలవడ్డ."

"అది మన చేతులు తింటుంది మామా. నేను చూసిన, కండ్లతోటి చూసిన. బానెట్ కింద లైటు పెట్టిన."

అరుస్తాడనుకున్నాను, గ్యాసు గురించి, రూలు గురించి. ఆయన అరవలేదు. చేతులు రెండూ చంకల్లో దాచుకున్నాడు.

"నేను జూడ" అన్నాడు. "నాకు జూపియ్యకు బిడ్డా. నీకు దండం వెడ్త."

కోపం వచ్చింది. ఇంత పెద్దమనిషి, ఇన్ని చేతులు పోతుంటే తెలిసి ఊరుకున్నాడు. ఆ మాటే అన్నాను. ఆయన తల వంచుకున్నాడు. నేనే లేచి వచ్చేశాను.

6. శనివారం

పొద్దున బండి దగ్గరికి పెద్ద స్క్రూడ్రైవరు తీసుకుని వెళ్లాను. మెత్తను పెకలించి పారేస్తే గొడవే ఉండదు. ఒక్క బండైనా బాగుపడుతుంది, శ్రావణి చెయ్యి పెట్టే బండి.

బానెట్ లేపాను. దీపం వెలిగింది. మెత్త కొంచెం ముడుచుకుని, నేనే అని తెలిసి కాబోలు, మళ్లీ వదులైంది. మొన ఇనుముకూ తోలుకూ మధ్య దూర్చి పైకి తన్నాను.

నొప్పి!

నా చేతిలో నొప్పి. నా కుడి చూపుడువేలి కింద, గోరు లోపలికి ఇనుము దిగినట్టు. స్క్రూడ్రైవరు వదిలేసి వేలు పట్టుకున్నాను. వేలికి ఏ గాయమూ లేదు. మెత్త మీద ఉంది గాయం. నా స్పర్శ నన్ను వదిలిపోయి అక్కడ బతుకుతోంది. దాన్ని పొడిస్తే నాకు నొస్తుంది.

ఏడ్చాను. నొప్పికి ఏడ్చానని రాయొచ్చు గానీ అది అబద్ధం. సంతోషానికి ఏడ్చాను. రెండేళ్ల తర్వాత నాకు వేలు ఉందని వేలే చెప్పింది.

ఆ తర్వాత చేసిన పని రాయడానికి సిగ్గుగా ఉంది. వంగి, నా చెంప దాని మీద ఆనించాను. నా చెంప నా వేళ్లకు తెలిసింది. చెంప మీది నూనె జిడ్డు, తడి, కింద ఎముక అన్నీ తెలిశాయి. ముఖంలో ఇంత ఎముక తేలిందని ఇప్పుడే తెలిసింది నాకు. ఎంతసేపు అలా ఉండిపోయానో. అటువైపు ఎవరో దగ్గితే ఉలిక్కిపడి బానెట్ మూశాను.

పెకలించలేను. పెకలించినా ఇంకో బండిలో ఇంకొకటి ఉంది.

సాయంత్రం శ్రావణితో మాట్లాడాలని చూశాను. అది రేపటి కోసం కుట్టుకున్న కొత్త చొక్కాకు గుండీలు కుడుతోంది.

"బిడ్డా, షెడ్డు పని మానుకో" అన్నాను.

"మల్ల మొదలువెట్టినవా?"

"చేతులు పోతయి."

"నీకు పోయినై, అమ్మమ్మకు పోయినై, నాకూ పోతయ్. బాయిల ఎవలి చేతులు మిగిలినై చెప్పు? బొగ్గు ఏరేటోళ్లవి మిగిలినయా?" అంది. సూది గుచ్చుకుంటే వేలు నోట్లో పెట్టుకుని, అటు తిరిగి కూర్చుంది. మెత్త సంగతి చెప్పాను. నిద్ర లేక కలవరిస్తున్నానంది.

నోటితో చెబితే ఎవరు నమ్ముతారు? ఓదెలు మామ నోరు విప్పడు. రేపు బానెట్ లేచేసరికి షెడ్డంతా చుట్టూ ఉంటుంది. దీపం దానంతట అదే వెలుగుతుంది. దాచుకోవడానికి పెట్టుకున్న దీపాన్ని అందరికీ చూపిస్తాను. నన్ను తరిమేసినా సరే, ఒక్కసారి చూశాక ఎవరూ తమ బిడ్డ చెయ్యి అందులో పెట్టరు. శ్రావణి అసలే పెట్టదు.

7. ఆదివారం

షెడ్డు నిండా జనం. బానెట్‌కు పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టారు. చక్రాల కింద మట్టితో చేసిన నిమ్మకాయలు పెట్టారు. అసలు నిమ్మకాయ ఎలా ఉంటుందో మాలో చూసినవాళ్లు లేరు. శ్రావణి కొత్త చొక్కా చేతులు మోచేతుల పైకి మడుచుకుని బండి ముందు నిలబడింది. నేను దాని వెనక, ఓదెలు మామ బండికి అటుపక్క.

నేను బానెట్ అంచునే చూస్తూ నిలబడ్డాను.

"లేపు బిడ్డా" అన్నాడు ఓదెలు మామ.

శ్రావణి బానెట్ లేపింది. ఫ్రిజ్ మీట టక్కుమంది. దీపం వెలిగింది. ఈ బాయి షెడ్డులో ఇంతమంది ముందు దీపం వెలగడం ఇదే మొదటిసారి. తెల్లటి వెలుగు అందరి ముఖాల మీద, పసుపు మీద, పైకప్పు బొగ్గు మీద పడింది. బ్యాటరీ వెనక మెత్త ముడుచుకుని, విప్పుకుని, వేళ్లు చాచింది. నా వేళ్లు.

ఎవరూ అరవలేదు.

చుట్టూ చూశాను. అందరూ కళ్లు మూసుకుని ఉన్నారు. బానెట్ లేస్తే మా వాళ్లు కళ్లు మూసుకుంటారు! వారమంతా కళ్లు తెరుచుకుని పని చేసి ఆ సంగతే మరిచిపోయాను. చంటిపిల్లలకు తల్లులు అరచేత్తో కళ్లు మూశారు. ముఖాలన్నీ భక్తిగా, ప్రశాంతంగా, ఆ వెలుగులో తెల్లగా ఉన్నాయి. ఓదెలు మామ రెప్పలు మాత్రం వణుకుతున్నాయి. వెలుగు ఆయనకు తెలిసింది. ఇంకా గట్టిగా బిగించుకున్నాడు.

శ్రావణి ముందుకు వంగింది. వెనక ఉన్న నాకు దాని ముఖం కనిపించడం లేదు. చెయ్యి లోపలికి పోనిచ్చింది. మెత్త ఎదురు లేచింది.

ఆపమని అరవడానికి నోరు తెరిచాను.

అప్పుడు నా అరచేతిలో ఒక చెయ్యి పడింది. వెచ్చగా. చెమటగా. చూపుడువేలి కొసన నిన్న సూది గుచ్చుకున్న గరుకు. నా చేతులు రెండూ నా పక్కన ఖాళీగా వేలాడుతున్నాయి, అయినా నా బిడ్డ చెయ్యి నా చేతిలో ఉంది. ఎంత పెద్దదైంది ఆ చెయ్యి! ఇది నాకు తెలియకుండానే పెద్దదైంది. వేళ్లు నా వేళ్ల సందుల్లోకి దూరాయి. పట్టుకున్నాను. నేనే పట్టుకున్నానో, అది పట్టుకుందో చెప్పలేను.

నోరు తెరిచే ఉంది. గొంతులోంచి మాట రాలేదని రాసుకుంటే బాగుంటుంది. వచ్చేది. నేనే రానివ్వలేదు. ఒక్క క్షణం అనుకున్నాను, ఈ ఒక్క క్షణం అయ్యాక అరుస్తాను అనుకున్నాను.

ఆ క్షణం అయిపోయింది. శ్రావణి చెయ్యి తీసి బానెట్ మూసింది. దీపం ఆరింది. జనం కళ్లు తెరిచి చప్పట్లు కొట్టారు.

ఇంటికి వచ్చాక తలుపు వేసి దాని ముందు కూలబడ్డాను.

"బిడ్డా, నేను చెప్పింది కలవరింత కాదు. అక్కడ దీపం వెలిగింది, నువ్వు చూడలేదు గానీ..."

"చూసిన" అంది.

నేను మోకాళ్ల మీద దాని దగ్గరికి జరిగాను.

"లైటు రెప్పల మీద వడంగనే కండ్లు తెరిచిన. మొదలు భయమైంది. చెయ్యి గుంజుకుందామనుకున్న. గంతల్నే అది పట్టుకుంది." శ్రావణి తన అరచేతిని చూసుకుంది. "అమ్మా, అది నీ పట్టే. చిన్నప్పుడు పెద్ద సొరంగం దాటంగ నన్ను ఎట్ల పట్టుకునేదానివో గట్లనే. నా బొటనవేలు మీద నీ బొటనవేలు వెట్టి. నాకు యాదికున్నది."

"రేపు పోకు. నీ కాళ్లు పట్టుకుంటాను. దీపం సంగతి అందరికీ చెబుదాం. వాళ్ల కళ్లు నేనే తెరిపిస్తాను."

అది నా ముఖంలోకి చూసింది. "నేను పట్టుకున్నది నీకు తెల్వలేదా?"

తెలియలేదని చెప్పాల్సింది. నేను ఆ మాట అంటే శ్రావణి రేపు వెళ్లదు. నాకు తెలుసు, అందుకే అడిగింది. ఈ వారమంతా ఎన్ని అబద్ధాలు ఆడాను! ఇంకొక్కటి ఆడితే సరిపోయేది.

"తెలిసింది" అన్నాను.

నా బిడ్డ నవ్వింది. నా ఒళ్లో తల పెట్టుకుని పడుకుంది.

8. సోమవారం

పొద్దున శ్రావణి పొయ్యి మీది గంజి గిన్నె దించుతూ చిటికెన వేలు ఆనించింది. వేలు ఎర్రగా కందింది. దానికి తెలియలేదు. నాకు ఏళ్లు పట్టింది దానికి ఒక్క రోజులో మొదలైంది. నేను చూసి చెబితే "కొత్త కదనే, తిమ్మిరి" అని చొక్కాకు తుడుచుకుని షిఫ్టుకు వెళ్లిపోయింది.

నేను ఇంట్లో ఉన్నాను. ఇప్పుడు బండి దానిది, నాకు పనేమీ లేదు. లేచి వెళ్లాలి. వెళ్లి దాని చెయ్యి పట్టి బయటికి లాగాలి. ఓదెలు మామ గల్లా పట్టుకుని కళ్లు తెరిపించాలి. షెడ్డు ఇంటి వెనకే, ఇక్కడి నుంచి కేకేసినా వినిపిస్తుంది. అన్నీ ఆలోచించి పెట్టుకున్నాను.

ఇప్పుడే టక్కుమన్న చప్పుడు వినిపించింది. బానెట్ లేపింది.

ఎడం చేత్తో రాస్తూ, కుడి అరచేతిని ఒళ్లో వెల్లకిలా పెట్టుకున్నాను. రాయడం ఆపుతున్నాను. వెళ్తాను. తప్పకుండా వెళ్తాను, దాని చెయ్యి ఇప్పుడే నా చేతిలోకి వచ్చింది, ఒక్క క్షణం ఆగి వెళ్తాను.